ఆ రసీదు మీద మీరెవరు?

పెన్షన్ సొమ్మో, పొలం అమ్మిన డబ్బో, పిల్ల పెళ్లికని కూడబెట్టిందో చేతిలో పడగానే మనవాళ్లు అడిగే మొదటి మాట "వడ్డీ ఎంత ఇస్తారు?" అని. రెండో మాట "నమ్మకమైన సంస్థేనా?" అని. ఈ రెండింటికీ ఏజెంటు దగ్గర జవాబులు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. డబ్బు భద్రత తేలేది మాత్రం ఎవరూ అడగని మూడో ప్రశ్న దగ్గర. ఈ సంస్థ రేపు మూతపడితే చట్టం దృష్టిలో నేనెవరిని? బీమా ఉన్న డిపాజిటరునా, ఉత్త అప్పిచ్చినవాణ్ణా, సంఘంలో సభ్యుణ్ణా, లాభనష్టాలు రెండూ పంచుకునే వాటాదారునా? ఈ హోదాను బట్టే ఎవరి మీద దావా వేయొచ్చో, ఎంతవరకు రాబట్టుకోవచ్చో, ఎన్నాళ్లు ఆగాలో తేలుతుంది. ఒకే భవనంలో, ఒకే కౌంటర్ దగ్గర, ఒకే ఉద్యోగి చేతి మీదుగా తీసుకున్న రెండు కాగితాలకు పూర్తిగా వేర్వేరు గతులు పట్టవచ్చు.

యెస్ బ్యాంకు వ్యవహారమే చూడండి. 2020 మార్చి 5న ఆ బ్యాంకు మీద మారటోరియం విధించారు. ఖాతాదారు 50,000 రూపాయలకు మించి తీసుకోకూడదన్నారు. మార్చి 18న ఆంక్షలు ఎత్తేశారు, డిపాజిటర్లకు పైసా పోలేదు. కానీ అదే బ్యాంకు జారీ చేసిన ఏటీ-1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయదగిన అప్పుపత్రాలు), 8,415 కోట్ల రూపాయల విలువైనవి, ఒక్క నిర్ణయంతో సున్నా అయ్యాయి. ఆ బాండ్లను కొందరు సొంత ఖాతాదారులకు 'సూపర్ ఎఫ్‌డీ' అంటూ అంటగట్టిన తీరును మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021 నాటి ఉత్తర్వులో తప్పుపట్టింది. బాండ్ల రద్దును బాంబే హైకోర్టు 2023 జనవరిలో కొట్టివేసింది, ఆపైన వివాదం సుప్రీంకోర్టు గడప ఎక్కింది. ఎఫ్‌డీ పెట్టినవాళ్లు రెండు వారాల్లోపే ఊపిరి పీల్చుకుంటే, ఎఫ్‌డీ అనుకుని బాండు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి లాయర్ల చుట్టూ తిరిగారు. బ్యాంకు ఒకటే. తేడా అంతా చేతిలో ఉన్న కాగితంలో ఉంది.

బ్యాంకులో వేసిన డబ్బు మనదేననీ, లాకరులో పెట్టిన నగలాగా అక్కడే భద్రంగా ఉంటుందనీ చాలామంది అనుకుంటారు. చట్టం అలా చూడదు. మీరు వేసిన క్షణం నుంచి అది బ్యాంకు మీకు బాకీపడ్డ అప్పు. ఆ అప్పుకు వెనక ఉన్న హామీ డిపాజిట్ బీమా. 1961 నాటి చట్టం కింద ఏర్పడిన డీఐసీజీసీ, అంటే డిపాజిట్ బీమా, రుణ హామీ సంస్థ, ఈ బీమా ఇస్తుంది. మొదట్లో 1,500 రూపాయలుగా ఉన్న పరిమితి 1993లో లక్ష అయింది, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. ప్రీమియం బ్యాంకే కడుతుంది, మీరు దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు. అయితే ఈ 5 లక్షల లెక్క ఎలా వేస్తారన్న దగ్గరే చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. పరిమితి ఖాతాకు కాదు, ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి. ఒకే బ్యాంకు విజయవాడ శాఖలో ఎఫ్‌డీ, వరంగల్ శాఖలో సేవింగ్స్ ఖాతా, ఇంకో ఊళ్లో రికరింగ్ డిపాజిట్ ఉన్నా అన్నీ కలిపే లెక్క. అసలుతో పాటు వడ్డీ కూడా అందులోకే వస్తుంది. 4,80,000 రూపాయలు వేసి, దానికి 33,600 వడ్డీ చేరాక బ్యాంకు మునిగితే, 5 లక్షలు దాటిన 13,600 బీమా బయట పడుతుంది. ఆ బ్యాంకులోనే మీకు అప్పు ఉంటే దాన్ని మినహాయించుకునే హక్కు కూడా బ్యాంకుకు ఉంది.

ఇక్కడ చట్టం ఇచ్చిన వెసులుబాటు ఒకటుంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. పరిమితి మనిషికి మాత్రమే కాదు, ఆ మనిషి ఏ హోదాలో డబ్బు వేశాడన్నదానికి కూడా. భర్త పేరున విడిగా ఉన్న డిపాజిట్టుకు 5 లక్షలు, భార్య పేరున ఉన్నదానికి మరో 5 లక్షలు, ఇద్దరి జాయింట్ ఖాతాకు ఇంకో 5 లక్షలు. మైనరు పిల్లల తరఫున సంరక్షకులుగా తెరిచిన ఖాతా కూడా విడి లెక్కే. జాయింట్ ఖాతాలో పేర్ల వరుస మారితే అది కూడా వేరే హోదా కిందికే వస్తుంది. పెద్ద మొత్తం దాచుకోవాల్సి వస్తే ఒకే బ్యాంకులో పదహారు రసీదులు తీసుకోవడం కంటే రెండు మూడు బ్యాంకుల్లో పంచడం, హోదాలు సరిగా రాయించుకోవడం మేలు.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం తెలిసిందే: పెద్ద బ్యాంకులను ప్రభుత్వం మునగనివ్వదు కదా, ఈ లెక్కలన్నీ ఎందుకు? ఈ వాదనకు బలం ఉంది, కాదనలేం. సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకును 2004లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపారు. 2020లో లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్‌లో కలిపారు. ఈ రెండు చోట్లా డిపాజిటర్లకు అసలు దక్కింది. కానీ విలీనం జరిగేదాకా గ్లోబల్ ట్రస్ట్ ఖాతాదారుకు దక్కింది 10,000 రూపాయలు, లక్ష్మీ విలాస్ ఖాతాదారుకు 25,000. ఆసుపత్రి బిల్లు, కాలేజీ ఫీజు మారటోరియం ముగిసేదాకా ఆగవు. ఇక సహకార బ్యాంకుల సంగతి వేరే. మునిగిన కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ సహకార బ్యాంకుల పేర్లు వింటే హైదరాబాద్‌లో ఒక తరం ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. 2019 సెప్టెంబరులో ముంబయిలోని పీఎంసీ బ్యాంకు కూలింది. 5 లక్షల లోపు వాళ్లకు బీమా సొమ్ము అందింది. అంతకు మించి ఉన్నవాళ్లకు మిగతాది పదేళ్ల దాకా విడతలుగా ఇచ్చేలా 2022లో యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో విలీనం చేశారు. ఎనభై దగ్గరున్న మనిషికి పదేళ్ల వాయిదా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ కూలిపోవడం వల్ల ఒక మంచి మాత్రం జరిగింది. బ్యాంకు లైసెన్సు రద్దయ్యేదాకా ఆగకుండా, ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో బీమా సొమ్ము చెల్లించాలని 2021లో డిపాజిట్ బీమా చట్టాన్ని సవరించి 18ఏ సెక్షన్ చేర్చారు. 45 రోజుల్లో బ్యాంకు ఖాతాదారుల జాబితా పంపాలి, తర్వాతి 30 రోజుల్లో పరిశీలన పూర్తి కావాలి, ఆపై 15 రోజుల్లో డబ్బు చేతికి రావాలి. బ్యాంకును వేరే బ్యాంకులో కలిపే ప్రయత్నం నడుస్తుంటే మాత్రం ఈ గడువు పొడిగించవచ్చు.

ఈ రక్షణ అంతా ఆర్‌బీఐ లైసెన్సు ఉన్న బ్యాంకుకే. మన రెండు రాష్ట్రాల్లో 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన పొదుపు సంఘాలు వీధి వీధికీ ఉన్నాయి. పాస్‌బుక్ ఉంటుంది, కౌంటర్ ఉంటుంది, మేనేజరు టై కట్టుకునే ఉంటాడు. కానీ అక్కడ మీరు డిపాజిటర్ కంటే ముందు సభ్యులు. బీమా లేదు, ఆర్‌బీఐ పర్యవేక్షణ లేదు. లైసెన్సు లేని సంఘం పేరులో 'బ్యాంకు' అని పెట్టుకోవడమే చట్టవిరుద్ధం. దీన్ని పసిగట్టడానికి లాయరు అక్కర్లేదు. బీమా ఉన్న ప్రతి బ్యాంకూ డీఐసీజీసీ గుర్తును, క్యూఆర్ కోడ్‌ను తన వెబ్‌సైటులో చూపించాలి. డీఐసీజీసీ వెబ్‌సైటులో బీమా ఉన్న బ్యాంకుల జాబితా ఉంటుంది. రసీదు మీద అచ్చయిన పేరు అక్షరం తేడా లేకుండా ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. బయట ఫ్లెక్సీ మీదున్న పేరు కాదు, రసీదు మీదున్న పేరు.

అగ్రిగోల్డ్ బాధితుల దగ్గర ఉన్నవి రసీదులే. స్థలం ఇస్తామనే ఒప్పందం పేరుతో విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ సుమారు 32 లక్షల మంది నుంచి 6,000 కోట్ల రూపాయలకు పైగా సేకరించింది. 1999లో రాష్ట్రం తెచ్చిన డిపాజిటర్ల రక్షణ చట్టం కింద ఆస్తులు జప్తు చేయొచ్చు, ప్రత్యేక కోర్టులో వేలం వేయొచ్చు. 2019లో కేంద్రం తెచ్చిన అనధికార డిపాజిట్ల నిషేధ చట్టం ఇంకా కఠినం. చట్టాలు లేక కాదు, ఆస్తి అమ్ముడుపోయి డబ్బు చేతికి రావడానికి పట్టే కాలం దగ్గరే వ్యవహారం చిక్కుపడింది. చివరికి 20,000 రూపాయల లోపు చిన్న డిపాజిటర్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఖజానా నుంచి కొంత చెల్లించాల్సి వచ్చింది. జప్తు చేసే హక్కు, బీమా హక్కు ఒకటి కావు. ఒకటి కోర్టు పూర్తిచేయాల్సిన పని, రెండోది గడువుతో సహా చట్టమే రాసిపెట్టిన చెల్లింపు.

కంపెనీ ఎఫ్‌డీలకూ డీఐసీజీసీ బీమా లేదు. బ్యాంకు కాని ఆర్థిక సంస్థకు (ఎన్‌బీఎఫ్‌సీకి) ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్ ఉందంటే ఆ డిపాజిట్‌కు ఆర్‌బీఐ హామీ ఉన్నట్టు కాదు. గృహరుణ సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్ దివాలా తీసినప్పుడు అందులో ఎఫ్‌డీ పెట్టినవాళ్లకు మొత్తంమీద రావాల్సిన దానిలో నాలుగో వంతు దరిదాపుల్లోనే వచ్చింది. రేటింగును అతిగా నమ్మడమూ ప్రమాదమే. మౌలిక వసతుల రుణ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌కు 2018 ఆగస్టు దాకా అత్యున్నత రేటింగే ఉంది, సెప్టెంబరు కల్లా అది ఎగవేతదారు.

ఇక డెట్ ఫండ్లు. మీ తరఫున ట్రస్టీల చేతిలో ఉండి, బాండ్లు, ట్రెజరీ బిల్లులు, కంపెనీల స్వల్పకాలిక రుణపత్రాలు కొనే మ్యూచువల్ ఫండ్లు ఇవి. ఇక్కడ మీ హోదా మళ్లీ మారుతుంది. మీరు ఫండ్ కంపెనీకి అప్పివ్వలేదు, ట్రస్టులో వాటా కొన్నారు. ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. ఫండ్ నడిపే కంపెనీ దివాలా తీసినా దాని అప్పులవాళ్లు మీ బాండ్ల మీద చేయి వేయలేరు, ఇది నిజమైన రక్షణ. కానీ ఫండ్ కొన్న బాండే మునిగితే నష్టం మీదే. అప్పుడు ఎవరినీ 'నా అసలు ఇవ్వు' అని అడగలేరు, ఎందుకంటే అసలు ఇస్తామని ఎవరూ మాటివ్వలేదు.

ఫ్రాంక్లిన్ టెంపుల్‌టన్ 2020 ఏప్రిల్ 23న ఆరు డెట్ స్కీములను మూసేసింది. సుమారు 25,000 కోట్ల రూపాయలు ఇరుక్కుపోయాయి. వాటిలో 'అల్ట్రా షార్ట్', 'లో డ్యూరేషన్' అనే పేర్లతో, ఎఫ్‌డీకి ప్రత్యామ్నాయమని జనం నమ్మిన స్కీములూ ఉన్నాయి. మూసేయడానికి ట్రస్టీల నిర్ణయం ఒక్కటీ చాలదు, యూనిట్‌దారుల మెజారిటీ అంగీకారం కావాలని కర్ణాటక హైకోర్టు 2020 అక్టోబరులో తేల్చింది, 2021 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. సామాన్య మదుపరి గెలిచిన అరుదైన తీర్పుల్లో అదొకటి. చివరికి మదుపరులకు మూసేసిన నాటి విలువను మించే తిరిగి వచ్చింది కదా అని ఫండ్ సమర్థకులు అంటారు. నిజమే, వచ్చింది, విడతలుగా, ఒక్కో స్కీముకు ఒక్కో వేగంతో. అద్దె కట్టడానికనో, ఆపరేషన్‌కనో దాచిన డబ్బుకు ఆ జవాబు సరిపోదు. మదుపుకు సరిపోతుంది.

మరో అభ్యంతరం, ఫండ్లలో రాబడి ఎక్కువ, పన్ను తక్కువ అని. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న డెట్ ఫండ్ యూనిట్ల మీద లాభానికి ఎన్నేళ్లు ఉంచినా మీ శ్లాబు ప్రకారమే పన్ను, ఎఫ్‌డీ వడ్డీ లాగే. ఇప్పటికీ మిగిలిన సౌలభ్యం ఏమిటంటే, అమ్మినప్పుడే పన్ను, ఏటేటా టీడీఎస్ బాధ లేదు, ఎఫ్‌డీని మధ్యలో విరగ్గొడితే పడే జరిమానా లాంటిది సాధారణంగా ఉండదు. అందుకే కొన్ని నెలలకని పక్కన పెట్టే డబ్బులో కొంత భాగానికి, అది కూడా ఓవర్‌నైట్ లేదా లిక్విడ్ ఫండ్ అయితేనే, నాకు పెద్ద అభ్యంతరం లేదు. లిక్విడ్ ఫండ్ 91 రోజులు దాటిన పత్రాలు కొనకూడదు. వారంలోపే అమ్మితే కొద్దిపాటి ఎగ్జిట్ లోడ్, అంటే ముందే తీసినందుకు రుసుము, పడుతుంది. అంతకు మించి వెళ్లాలనుకుంటే స్కీమ్ సమాచార పత్రం మొదటి పేజీలో ఉండే తొమ్మిది గళ్ల పట్టిక చూడండి. 2021 డిసెంబరు నుంచి అది తప్పనిసరి. అడ్డంగా ఏ, బీ, సీ అన్నవి అప్పు ఎగవేత ముప్పు, నిలువుగా ఒకటి, రెండు, మూడు అన్నవి వడ్డీ రేట్ల ముప్పు. గుర్తు ఏ-1 గడిలో ఉంటే ఆ ఫండ్ చేయగల సాహసానికి హద్దు బాగా తక్కువ. సీ గళ్లలో ఉన్న దాన్ని ఎవరైనా ఎఫ్‌డీ లాంటిదని చెబితే అక్కడే మాట ఆపేయండి.

అసలు పోకూడదు, అంతే, అనుకునేవాళ్లకు ప్రభుత్వ హామీ ఉన్న చోట్లు ఉన్నాయి. పోస్టాఫీసు పొదుపుకు 5 లక్షల పరిమితి వర్తించదు, అక్కడ బాకీదారు కేంద్ర ప్రభుత్వమే. అరవై దాటినవాళ్లు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. 2021 నవంబరు నుంచి ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ ద్వారా 10,000 రూపాయలతో మొదలుపెట్టి ట్రెజరీ బిల్లులను నేరుగా కొనే వీలూ ఉంది. పోస్టాఫీసు వరుస, మధ్యలో తీయాలంటే ఉండే షరతులు చిరాకు తెప్పిస్తాయి, అది వేరే సంగతి.

నామినీ పేరు రాయించకుండా ఏ కాగితమూ తీసుకోకండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. నామినీ అంటే వారసుడు కాదని, డబ్బు అందుకుని అసలు వారసులకు చేర్చాల్సినవాడేనని కోర్టులు పదేపదే చెప్పాయి, కాబట్టి వీలునామా పని వీలునామాదే. ఇక మీకు తప్పుడు మాటలు చెప్పి అమ్మారనిపిస్తే, అమ్మినవాడు ఇచ్చిన కరపత్రం, వాట్సాప్ సందేశం, మీరు సంతకం చేసిన ఫారం నకలు దగ్గర పెట్టుకుని ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వెళ్లవచ్చు. ఫండ్ వ్యవహారమైతే సెబీ స్కోర్స్ పోర్టల్. ఫిర్యాదులో 'మోసపోయాను' అని మాత్రమే రాస్తే పని జరగదు. మీకు ఏ హోదా చెప్పి ఏ హోదా కాగితం ఇచ్చారో రెండు వాక్యాల్లో రాయండి, ఆ రెండింటికీ రుజువు జతచేయండి.