నిందకు జవాబు: జోసెఫస్ గ్రంథం

శ్రీ సిటీ కంపెనీల చుట్టుపక్కల ఇప్పుడు ఎన్నో ప్రాంతాలవారు, ఎన్నో మతాలవారు పక్కపక్కనే కాపురముంటున్నారు. పక్కింటివారి ఆచారం తెలియనప్పుడు వారి గురించి విన్న ప్రతి మాటా నిజమనిపిస్తుంది. ఇది కొత్త జబ్బు కాదు. యూదులపై పడిన ఇలాంటి నిందలకు సుమారు 1,900 ఏళ్ల కిందట జోసెఫస్ రాసిన జవాబును మా దాతలకు పరిచయం చేస్తున్నాము.

జోసెఫస్ క్రీ.శ. 37లో జెరూసలేంలో పుట్టాడు. 70లో రోమన్లు ఆ నగరాన్నీ దేవాలయాన్నీ నాశనం చేశాక రోములో స్థిరపడి గ్రీకులో చరిత్ర రాశాడు. ‘ఆపియన్‌కు వ్యతిరేకంగా’ అని నేడు పిలిచే రెండు భాగాల గ్రంథం ఆయన చివరి రచనల్లో ఒకటి. ఆపియన్ అలెగ్జాండ్రియాలో పేరున్న పండితుడు. 38లో అక్కడ యూదులపై దాడులు జరిగాక, చక్రవర్తి కాలిగులా ముందు వారికి వ్యతిరేకంగా వాదించినవాడు. యూదుల పక్షాన వెళ్లిన ఫిలో కూడా ఆ రాయబారం గురించి రాశాడు.

ఆపియన్ రాతల ప్రకారం యూదులు దేవాలయంలో గాడిద తలను పూజిస్తారట. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వెంట ఈజిప్టు వదిలినవారికి ఆరు రోజుల నడకతో గజ్జల్లో గడ్డలు లేచాయట, అందుకే ఏడో రోజు విశ్రాంతి అట! లక్షా పదివేల మందికీ ఒకేసారి గడ్డలు లేచాయా అని జోసెఫస్ అడుగుతాడు. గాడిద తల మాటకు శత్రువులనే సాక్ష్యం పిలుస్తాడు. పాంపే, టైటస్ వంటి విజేతలు ఆ దేవాలయంలో అడుగుపెట్టినా అలాంటిదేదీ కనిపించలేదు కదా అంటాడు.

ఈజిప్షియన్ల జంతుపూజను ఎగతాళి చేసినచోట మాత్రం ఆయన కలం ఆపియన్ దారినే పట్టిందని మా అభిప్రాయం.

అన్నిటికన్నా బరువైన నింద మరొకటి: పరాయివారికి మేలు తలపెట్టబోమని యూదులు ప్రమాణం చేస్తారట. దీనికి జోసెఫస్ తమ ధర్మశాస్త్రాన్నే ముందు పెట్టాడు. అడిగినవారికి నిప్పు, నీరు, తిండి ఇవ్వాలి. దారి తెలియనివారికి దారి చూపాలి. శవాన్ని ఖననం చేయకుండా వదలకూడదు. యుద్ధంలోనైనా శత్రువు నేలను తగలబెట్టకూడదు, పండ్ల చెట్లు నరకకూడదు. హజ్రత్ అబూబక్ర్ (రజియల్లాహు అన్హు) సైన్యాన్ని సాగనంపుతూ చేసిన హెచ్చరికల్లోనూ ఈ పండ్ల చెట్ల మాట ఉన్నదని మన పాఠకులు వెంటనే గుర్తుపడతారు.