డెంగీ నమూనా పరిశోధనకు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి డెంగీ తగ్గింది. రక్తం నమూనా, కేస్ షీట్ వివరాలు పరిశోధనకు వాడుకుంటామని ఆసుపత్రిలో సంతకం అడిగారు. దేశమంతటివీ ఒకచోట పోగేస్తే లాభమేంటి? వాడి పేరు బయటపడదా?
– ఒక పాఠకురాలు, ఒర్లియంపేట, పుదుచ్చేరి

జవాబు: లాభం ఉందమ్మా. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం సోకినవారికి తర్వాత మరో రకం వస్తే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. అందుకే ఏ ఊళ్లో ఏ రకం తిరుగుతోందో, అది సోకినవారికి ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోయాయో, ఎవరు షాక్‌లోకి వెళ్లారో పక్కపక్కన పెట్టి చూడాలి. నమూనాలోని వైరస్ జన్యుక్రమం చదివినా, కేస్ షీట్ లేకపోతే సగం పనే అవుతుంది.

ఇలా ఒకచోట పోగేయడం కొత్తేమీ కాదు. కోవిడ్ వేళ, 2020 డిసెంబరులో, కరోనా వైరస్ జన్యుక్రమాలు చదివే కూటమి ఇన్సాకాగ్ 10 ప్రయోగశాలలతో మొదలైంది. హైదరాబాద్ సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అందులోవే. 2022 నవంబరులో ఫరీదాబాద్‌లో ఇలాంటి సమాచారాన్ని భద్రపరిచే ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ వచ్చింది. జన్యుక్రమాలు చేరినంత చురుగ్గా రోగుల వివరాలు చేరడం లేదన్నది నా ఫిర్యాదు. మీ ఊరి ఇందిరానగర్‌లో దోమలపై పనిచేసే వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ లాంటి సంస్థలకూ ఇలాంటి ఉమ్మడి సమాచారం అక్కరకొస్తుంది.

ఇక పేరు సంగతి. పేరు తీసేసి కోడ్ నంబరు వేయడం పద్ధతి. అయినా వయసు, తేదీ, వీధి మూడూ కలిస్తే చిన్న పేటలో మనిషిని ఇట్టే పోల్చుకోవచ్చు. కాబట్టి వీధి పేరు రాస్తారా, వైరస్‌తోపాటు పిల్లాడి సొంత డీఎన్‌ఏ కూడా చదువుతారా అని అడిగి తెలుసుకోండి. సంతకం పెట్టకపోయినా వైద్యం ఆపకూడదు. పెట్టాక మనసు మారితే అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. బాబుకు ఏడేళ్లు దాటితే వాడి అంగీకారం కూడా అడగాలన్నది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నియమం.