మునిగిన బండా, నిలిచిన బండా?

ప్రశ్న: షాలిబండలో మా పక్కింటాయన 2009 మారుతి 800 అమ్ముతున్నారు. 2020 వానల నుంచీ కదల్లేదు. 50 వేలంటున్నారు. కొనొచ్చా?

జవాబు: ముందు ఆర్‌సీ చూడండి. 15 ఏళ్ల గడువు 2024లోనే తీరిపోయింది. రెన్యువల్‌కు ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ తప్పవు. ఫీజునే 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు.

అంతకన్నా నా భయం 2020 అక్టోబరు హైదరాబాద్ వరద గురించి. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు బస్తీలకు బస్తీలే మునిగాయి. సీటుబెల్టు చివరిదాకా లాగండి. లోపలి భాగంలో మట్టి చార కనబడితే బండి మునిగినట్టే. కార్పెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోర్ తట్టండి. తుప్పు పెచ్చులుగా రాలితే బేరం అక్కడితో ఆపేయండి, ఇంజిన్ ఎంత బాగున్నా సరే.

ఫ్లోర్ గట్టిగా ఉందా? అప్పుడు మెకానిక్‌ని పిలవండి. పాత పెట్రోలు, ఆయిల్ తీసేయకుండా సెల్ఫ్ కొట్టనివ్వకండి. టైమింగ్ బెల్టు, టైర్లు, బ్యాటరీ, బ్రేకులు ఎలాగూ మార్చాలి. ఆ ఖర్చంతా ధరలోంచి తగ్గించుకోవాలి.

నా మాట: ఫ్లోర్ బాగుండి, ఆర్‌సీ ఆయనే రెన్యువల్ చేయించి ఇస్తేనే తీసుకోండి. అప్పుడు కూడా 50 వేలు ఎక్కువే.