కుంఠిత శబ్దార్థ విచారము

'కుంఠితము' అను పదమునకు 'మొద్దుబారినది' అను ఒక్క అర్థమునే విద్యార్థులు వల్లించుచుందురు. ఆ అర్థమొక్కటే గ్రహించినచో 'పైరు ఎదుగుదల కుంఠితమైనది' అను ప్రయోగము దోషముగా తోచును. అంచు లేని ఎదుగుదల మొద్దుబారుట యెట్లు? కావున ధాతువు నాశ్రయించి అర్థనిర్ణయము చేయవలసియున్నది.

ధాతుపాఠమున భ్వాదిగణమందు 'కుఠి' ధాతువు గతిప్రతిఘాతార్థమున పఠింపబడినది. ఇకారము ఇత్తు గనుక అష్టాధ్యాయి 7-1-58 సూత్రముచే నుమాగమము, పిదప అనుస్వార పరసవర్ణములు కలిగి 'కుణ్ఠ్' అను రూప మేర్పడును. లట్టున 'కుంఠతి', క్తప్రత్యయమున ఇడాగమముతో 'కుంఠిత', అచ్ప్రత్యయమున 'కుంఠ' సిద్ధించును. కదలికకు అడ్డు కలుగుటయే ఇందు ప్రధానార్థము.

శాంకరమైన విష్ణుసహస్రనామ భాష్యము దీనిని సమర్థించుచున్నది. సృష్ట్యాదిని విడివడియున్న భూతములను పరస్పరము కలిపి, వాని గతిని నిరోధించినవాడు గనుక విష్ణువు వైకుంఠుడని అచ్చటి వివరణము. మొద్దుదనమను అర్థము ఇచ్చట ఏవిధముగను పొసగదు.

అమరసింహుడు విశేష్యనిఘ్నవర్గమున, పనులయందు మందుడైనవానికి 'కుంఠ' శబ్దమును చెప్పెను. ఇచ్చట గతిస్థానమున క్రియ వచ్చినది. ప్రతిఘాతార్థము మాంద్యముగా పరిణమించినది.

ఇక ఆయుధవిషయము. కుమారసంభవ ద్వితీయసర్గలో, తారకాసుర పీడితులై వచ్చిన దేవతలను జూచి బ్రహ్మ, ఇంద్రుని వజ్రపు అంచులు కుంఠితములైనట్లు కానవచ్చుచున్నవని పలుకును. అంచు చెడినచో ఆయుధగతి లక్ష్యమున ప్రతిహతమగును. ప్రతిఘాతమను కార్యమును తెలుపు శబ్దము, అంచు చెడుట యను కారణమునందు లక్షణచే ప్రవర్తించినది. విద్యార్థులు వల్లించు అర్థము ఈ లక్ష్యార్థమే, ముఖ్యార్థము కాదు.

తెలుగున ఈ భేదములకు వేర్వేరు క్రియలు కలవు. అంచునకు 'మొక్కవోవు', వేగమునకు 'మందగించు', పైరునకు 'గిడసబారు' తగియుండును. 'మొక్కవోని ధైర్యము' ఆయుధపు అంచును స్ఫురింపజేయును. 'అకుంఠిత దీక్ష' అడ్డులేని గమనమును స్ఫురింపజేయును. రెండును సాధువులే, భావచిత్రములు మాత్రము వేరు.

'కుంటుపడు' అను మరియొక క్రియతో దీనిని కలిపి 'కుంఠుపడు' అని వ్రాయుట అసాధువు. అది 'కుంటు' అను దేశ్యక్రియనుండి వచ్చినది. తెలుగు కన్నడములు రెండును వినవచ్చు ఆలూరు, ఆదోని ప్రాంతములవారికి ఇది సులభగ్రాహ్యము. కన్నడమునందును 'కుంటు' అనగా కాలీడ్చి నడచుటయే. ఒత్తక్షరము లేకుండుటయు దేశ్యత్వమునకు అనుకూలమే.

కావున వానలు లేక ఆలూరు సీమ మెట్టచేలలో పైరు ఎదుగుదల కుంఠితమైనదని వ్రాసినవాడు ధాత్వర్థమునే పాటించినవాడగును. అట్టి వాక్యమును దిద్దబూనుటకు ముందు అధ్యాపకుడు ధాతుపాఠమును చూడవలెను. అనువాదమునందు అడ్డుపడినది గతియా, క్రియయా, అంచా అని విచారించి తెలుగు క్రియను ఎన్నుకొనవలెను.