కారు షెడ్డులో చెమ్మ: కారణాన్ని బట్టి నివారణ

యానాం వంటి నదీతీర పట్టణంలో చెమ్మ కొత్త విషయం కాదు. ఒకవైపు గౌతమీ గోదావరి, చేరువలోనే సముద్రం. వరద వేళ భూగర్భ జలమట్టం పైకి చేరుతుంది. మిగిలిన రోజులలోనూ గాలిలో తేమ ఉంటుంది. ఇంటి గదులను శ్రద్ధగా చూసుకొనే గృహస్థులు సైతం కారు షెడ్డును అంతగా పట్టించుకోరు. ఇన్వర్టరు, నీటి మోటారు స్విచ్చి, పాత పత్రాల పెట్టె, ధాన్యపు బస్తా చివరకు చేరేది అక్కడికే. తడిసిన గోడపై ఉన్న స్విచ్చిబోర్డు ప్రాణాపాయానికి దారితీయగలదు.

చెమ్మ వచ్చే మార్గాలు

చెమ్మ ప్రధానంగా మూడు విధాలుగా చేరుతుంది. మొదటిది నేలచెమ్మ: ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి ప్రాకి, గోడ అడుగుభాగాన తెల్లని ఉప్పు పూస్తుంది. రెండవది వాననీరు: పగుళ్ల గుండా, రేకుల అతుకుల గుండా కారుతుంది. మూడవది గాలిలోని తేమ: రాత్రి చల్లబడిన రేకును, గచ్చును తడిగాలి తాకినపుడు నీటిబొట్లుగా మారుతుంది. శీతకాలపు వేకువలో వాన లేకున్నా రేకుల షెడ్డు లోపల బొట్లు రాలడానికి కారణం ఇదే.

పరీక్ష

గచ్చును తుడిచి ఆరనిచ్చి, రెండు అడుగుల చదరపు పాలిథిన్ షీటును పరచి, నాలుగు అంచులను టేపుతో అంటించాలి. ఒక దినం గడిచాక చూడాలి. షీటు అడుగున తడి కనిపిస్తే అది నేలచెమ్మ. పైభాగాన కనిపిస్తే గాలిలోని తేమ. రెండు వైపులా ఉంటే రెండు కారణాలూ ఉన్నట్లే.

నివారణ

నేలచెమ్మకు పైపూత రంగు మందు కాదు. గోడ వెంట నీరు నిలవకుండా బయటి నేలను వాలుగా చదును చేయాలి. ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. కడిగితే అది కరిగి తిరిగి గోడలోకే ఇంకుతుంది. చెమ్మ గోడకు దట్టమైన సిమెంటు పూత వేస్తే లోపలి నీరు ఆరే దారిలేక మరింత పైకి ప్రాకుతుంది.

గాలిలోని తేమకు ఎదురెదురు గోడలలో ఒకటి క్రింద, ఒకటి పైన కంతలు ఉంచాలి. తలుపులను ముసురు వేళ గాక, ఎండ కాసే మధ్యాహ్నం తెరవాలి. వానలో తడిసిన వాహనాన్ని తుడిచిన పిమ్మటనే లోపల ఉంచాలి. బస్తాలను, పెట్టెలను గోడకు జానెడు దూరంలో, చెక్కబల్లపై ఉంచాలి.

చేయరాని పనులు

షెడ్డు ఆరుతుందని తలుపులు మూసి ఇంజను నడపరాదు, బొగ్గుల కుంపటి పెట్టరాదు. వాటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు, అది ప్రాణాంతకం. తడి వస్తున్నదని కంతలను మూయరాదు. ఛార్జింగు సమయంలో ఇన్వర్టరు బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజను మండే స్వభావం గలది. గోడను తాకినపుడు జిల్లుమంటే వెంటనే దూరంగా జరిగి, పొడిచోట ఉన్న మెయిన్ స్విచ్చిని ఆపి, ఎలక్ట్రీషియనును పిలవాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చుకొనడం మేలు.

ముందుగా విద్యుత్తు, తరువాత నీటి మార్గం, చివరిగా రంగు: ఈ వరుసను పాటించిన ఇంటికి ప్రాణభయం తొలగుతుంది, ఖర్చూ వృథా కాదు.