కుర్ర బ్యాటర్ నిలుస్తాడా? అంచనా కట్టే పద్ధతి

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. టెస్టు క్రికెట్‌లో దాన్ని నమ్ముకుంటే మోసపోతాం. వినోద్ కాంబ్లీ 14 ఇన్నింగ్స్‌లోనే వెయ్యి పరుగులు చేశాడు. వరుస టెస్టుల్లో 224, 227 కొట్టాడు. సగటు 54.20 ఉండగానే, 23 ఏళ్లకే, 17వ టెస్టుతో అతని కథ ముగిసింది. అదే స్టీవ్ వా తొలి సెంచరీ కోసం 27వ టెస్టు దాకా ఆగాడు. రిటైరయ్యేనాటికి 10,927 పరుగులు, 32 సెంచరీలు అతని పేరున ఉన్నాయి. మరి ఎవరు నిలుస్తారో ముందే పసిగట్టడం ఎలా? నేను పాటించే పద్ధతి ఇది.

కావలసినవి: ఒక నోటుపుస్తకం, పూర్తి స్కోరుకార్డులు, అవుటైన బంతుల వీడియోలు, రెండు మూడేళ్ల ఓపిక.

1. ముందు కొలబద్ద పెట్టుకోండి. పదేళ్లపాటు, సొంతగడ్డ మీదా బయటా, మంచి బౌలింగ్‌పై పరుగులు చేసినవాడే గొప్పవాడు. ఈ మాట మొదటి పేజీలో రాసుకోండి. లేదంటే ఒక్క మెరుపు ఇన్నింగ్స్‌కే కొలబద్ద కుంచించుకుపోతుంది.

2. ఇరవై టెస్టుల దాకా తీర్పు చెప్పకండి. కరుణ్ నాయర్ 2016లో చెన్నైలో, తన మూడో టెస్టులోనే, 303 నాటౌట్‌గా నిలిచాడు. మరో మూడు టెస్టులకే జట్టుకు దూరమయ్యాడు. తిరిగి టెస్టు ఆడింది 2025లో. కొద్ది ఇన్నింగ్స్ సగటులో అదృష్టం పాలు ఎంతో విడదీయలేం.

3. పరుగులను విడగొట్టండి. పేజీలో గళ్లు గీసి స్వదేశం, విదేశం, తొలి ఇన్నింగ్స్, రెండో ఇన్నింగ్స్ అని రాయండి. కాంబ్లీ నాలుగు సెంచరీలూ 1993లోనే, అవీ భారత్, శ్రీలంక పిచ్‌ల మీదే వచ్చాయి. ఇలా గళ్లలో వేసి చూస్తేనే ఆ సంగతి కళ్లకు కడుతుంది. పక్కనే జట్టు మొత్తం స్కోరు కూడా రాయండి. 2000 జనవరిలో సిడ్నీలో భారత్ 261కి ఆలౌటైతే, అందులో 167 మన హైదరాబాదీ లక్ష్మణ్‌వే. అప్పటిదాకా అతని అంకెలు సాదాసీదావే. కానీ ఆ ఒక్క గడిలో, ఆ తర్వాత కోల్‌కతాలో అతను చేయబోయే 281 పరుగుల జాడ ఉంది.

4. అవుటైన తీరు రాయండి. అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ఎన్ని పరుగులకు అవుటయ్యాడన్నది వదిలేసి, ఎలా అవుటయ్యాడో చూడండి. బంతి ఏ లెంగ్త్‌లో పడింది? లోపలికి వచ్చిందా, బయటికి పోయిందా? ముందు పాదం ఎక్కడుంది? ఒకే రకం అవుట్ మూడుసార్లు కనబడితే ఎర్రసిరాతో గీత గీయండి. పృథ్వీ షా 2018లో రాజ్‌కోట్‌లో 134తో అరంగేట్రం చేశాడు. 2020 అడిలైడ్‌లో మాత్రం రెండు ఇన్నింగ్స్‌లోనూ బ్యాటుకీ ప్యాడ్‌కీ మధ్య సందులోంచి బౌల్డయ్యాడు. మనకు కనబడిన ఆ సందు ప్రత్యర్థి బౌలర్లకు అంతకుముందే కనబడి ఉంటుంది.

5. ఎర్రగీత తర్వాత ఏం చేశాడో చూడండి. లోపం లేని బ్యాటర్ లేడు, దాన్ని దిద్దుకున్నవాడే నిలుస్తాడు. 2014 ఇంగ్లండ్ పర్యటనలో కోహ్లీ పది ఇన్నింగ్స్‌లో 134 పరుగులే చేశాడు. అండర్సన్ అతన్ని నాలుగుసార్లు అవుట్ చేశాడు. 2018లో కోహ్లీ అక్కడే 593 పరుగులు చేశాడు. అండర్సన్‌కు ఒక్కసారీ చిక్కలేదు. పరుగులకన్నా ఆ దిద్దుబాటే అతని స్థాయిని చెప్పింది. అయితే ఒకసారి దిద్దుకుంటే సరిపోదు. చివరి ఏళ్లలో ఆఫ్‌స్టంప్ బయటి బంతి మళ్లీ వేధించింది. 9,230 పరుగుల దగ్గర, 46.85 సగటుతో ఆగాడు.

6. వయసు, ఒళ్లు, అవకాశం లెక్కేయండి. ఇరవై రెండేళ్లకు తప్పు దిద్దుకునేవాడికి ముందు చాలా కాలముంది. గాయాలు, బ్యాటింగ్ స్థానంలో మార్పులు మార్జిన్‌లో రాసుకుంటే చాలు.

ఇప్పుడు ఒక పేరు తీసుకుందాం: యశస్వి జైస్వాల్. 2023లో వెస్టిండీస్‌లోని రొసోలో 171తో అరంగేట్రం. దాన్ని పక్కన పెట్టండి. దక్షిణాఫ్రికాలో నాలుగు ఇన్నింగ్స్ కలిపి 50 పరుగులు. దీన్ని రాసుకోండి. విశాఖలో 209, రాజ్‌కోట్‌లో 214 నాటౌట్ స్వదేశం గడిలోకి వెళ్తాయి. 2024 నవంబర్‌లో పెర్త్ తొలి ఇన్నింగ్స్‌లో సున్నా, రెండో ఇన్నింగ్స్‌లో 161. ఈ పేజీ మూల మడిచిపెట్టుకోండి. దెబ్బతిన్న మూడు రోజుల్లోపే, అదే పిచ్‌పై, అవే బంతులకు జవాబు కనుక్కున్నాడు. నా అంచనా: నిలుస్తాడు. దక్షిణాఫ్రికా గడి నింపినప్పుడే దాన్ని తీర్పుగా మారుస్తాను.

ఈసారి ఏ కుర్రాడో తొలి టెస్టులో సెంచరీ కొడితే నిండుగా చప్పట్లు కొట్టండి. కానీ గొప్పవాడన్న మాట దాచి ఉంచండి. అతను విఫలమైన రోజున టీవీ కట్టేయకండి, నోటుపుస్తకం తెరవండి. మీకు కావలసిన జవాబు ఆ తర్వాతి ఇన్నింగ్స్‌లోనే ఉంటుంది.