చీటీలు నాలుగు, మనిషి ఒక్కరే: పెద్దవాళ్ల మందులు, కంప్యూటర్ సాయం



మీ ఇంట్లో అమ్మమ్మగారో తాతయ్యగారో రోజుకు ఎన్ని రకాల మాత్రలు వేసుకుంటున్నారో చూడకుండా చెప్పగలరా? షుగరుకు ఊళ్లో ఒక డాక్టరు, గుండెకు గుంటూరులో ఇంకొకరు, మోకాళ్లకు తెనాలిలో మరొకరు. బాపట్ల, రేపల్లె వైపు చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. ఎవరి చీటీ వారిదే. మరి అన్ని చీటీలూ కలిపి చూసేదెవరు? ఆ పనిలో డాక్టరుకు తోడుగా ఇప్పుడు కంప్యూటర్ వస్తోంది. అది ఏం చేయగలదో, ఏం చేయలేదో ఈ నెల తెలుసుకుందాం.

విడివిడిగా మంచివే, కలిస్తే?

వైద్యంలో సూచనలను ఎక్కువగా ఒక్కో జబ్బుకు విడిగా రాస్తారు. 2005లో అమెరికా పరిశోధకులు ఒక లెక్క వేసి చూశారు. 79 ఏళ్ల ఒక పెద్దావిడకు షుగరు, బీపీ, కీళ్ల అరుగుదల, ఎముకల బలహీనత, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నాయనుకున్నారు. ఏ జబ్బు సూచనలను ఆ జబ్బుకు పాటిస్తూ పోతే ఆమెకు 12 రకాల మందులు, రోజుకు 19 మోతాదులు తేలాయి!

మన ఇళ్లలో కనిపించే ఉదాహరణ చూడండి. తాతయ్యకు షుగరు వల్ల కిడ్నీలు కొంత బలహీనపడ్డాయి. బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటున్నారు. కాళ్ల వాపుకు ఒంట్లో నీరు తీసే మాత్ర ఉంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కొత్తగా చేరింది. మూడూ అవసరానికి ఇచ్చినవే. కానీ మూడూ కలిస్తే కిడ్నీల పనితీరు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. వాంతులు, విరేచనాలు అయినప్పుడు, ఎండకు ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

కంప్యూటర్ ఎలా హెచ్చరిస్తుంది?

మీ పిల్లలు కంప్యూటర్ క్లాసులో నేర్చుకునే ‘ఇఫ్, దెన్’ గుర్తుందా? ‘ఇలా ఉంటే, అలా చెయ్యి’ అన్నదే ఇక్కడా సూత్రం. ఉదాహరణకు, కిడ్నీల వడపోత శక్తిని చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అంకె 30 కంటే తగ్గితే షుగరు మందు మెట్‌ఫార్మిన్ వాడకూడదు. డాక్టరు ఆ మందు రాయబోతే తెర మీద హెచ్చరిక వస్తుంది. ఇలాంటి నియమాలు వందల కొద్దీ ఉన్నా కంప్యూటర్ క్షణంలో సరిచూస్తుంది.

దీనికి రెండు పరిమితులు ఉన్నాయి. ఒకటి, హెచ్చరికలు మరీ ఎక్కువైతే డాక్టర్లు విసిగిపోయి అసలైనదాన్ని కూడా దాటేసే ప్రమాదం ఉంది. రెండోది మన చేతిలో ఉన్నది: చెప్పని మందు గురించి కంప్యూటర్‌కు తెలియదు. చీటీ లేకుండా మందుల షాపులో కొన్న నొప్పి మాత్ర దాని లెక్కలోకి రాదు.

విశాఖపట్నం, పశ్చిమ గోదావరి చెప్పిన పాఠం

షుగరుతో పాటు డిప్రెషన్ కూడా ఉన్న 404 మందిపై విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ క్లినిక్‌లలో ఒక పరిశోధన జరిగింది. 2020లో ‘జామా’ వైద్య పత్రికలో వెలువడింది. సగం మందికి మామూలు వైద్యమే కొనసాగింది. మిగతా సగానికి ఏడాది పాటు మూడు అదనంగా అందాయి: డాక్టరుకు కంప్యూటర్ సలహా, రోగిని పలకరిస్తూ వెన్నంటి ఉండే ఒక సహాయకుడు, నిపుణుల సమీక్ష. రెండేళ్లు పూర్తయ్యేసరికి డిప్రెషన్ సగానికైనా తగ్గి, షుగరు, బీపీ, చెడు కొలెస్ట్రాల్‌లలో కనీసం ఒకటి మెరుగుపడినవారు ఈ బృందంలో 71.6 శాతం. మామూలు వైద్యం పొందినవారిలో 57.4 శాతం.

పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో మరో ప్రయత్నం జరిగింది. గుండె జబ్బు ముప్పు ఉన్నవారిని గుర్తించడానికి ఆశా కార్యకర్తలకు సలహాలిచ్చే ట్యాబ్లెట్లు ఇచ్చారు. అయితే బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తెర మీద సలహా కనబడినంత మాత్రాన బీపీ తగ్గదు. డాక్టరు అందుబాటులో ఉండాలి, మందు దొరకాలి, రోజూ వేసుకోవాలి.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి చేయండి

1. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మందులన్నీ ఒక బల్ల మీద పెట్టండి. చుక్కల మందులు, ఆయుర్వేదం, అప్పుడప్పుడు వేసుకునే నొప్పి మాత్రలు కూడా.

2. మీ అబ్బాయితోనో అమ్మాయితోనో ఒక పట్టిక రాయించండి: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, దేనికి, ఎవరు రాశారు. కంపెనీ పేరుతో పాటు లోపల ఉన్న అసలు మందు పేరు కూడా రాయాలి. రెండు వేర్వేరు పేర్లతో ఒకే మందు వాడుతుంటే ఇక్కడే బయటపడుతుంది.

3. కింద చివరి క్రియాటినిన్, షుగరు, బీపీ అంకెలు తేదీతో సహా రాయండి. పడని మందులు ఉంటే ఎర్ర సిరాతో రాయండి.

4. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించి మూడు ప్రశ్నలు అడగండి. వీటిలో ఒకదానితో ఒకటి పడనివి ఉన్నాయా? కిడ్నీలకు తగిన మోతాదేనా? ఇక అవసరం లేనిది ఏదైనా ఉందా?

14 అంకెల ఆభా సంఖ్య తీసుకుంటే, మీ అనుమతితో పరీక్షల రిపోర్టులు, చీటీలు ఒకే చోట చేరే వీలుంది. అయినా కాగితం మానకండి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: ఈ వ్యాసం చదివి ఏ మందూ మీ అంతట మీరు ఆపవద్దు. బీపీ, గుండె మందులు హఠాత్తుగా మానేయడం కూడా ప్రమాదమే. పట్టిక రాయడం మన వంతు, నిర్ణయం డాక్టరుది. మందు మారిన ప్రతిసారీ పట్టికను తిరగరాసే బాధ్యత పిల్లలకు అప్పగించండి. తాతయ్య పక్కన కూర్చుని రాస్తే వాళ్లకు అదీ ఒక పాఠమే.